ఆ సంచి గుడ్డ కాదు, పాలీప్రొపిలీన్

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ వైపు ఏ బట్టల కొట్లోంచి ఎవరు బయటకొచ్చినా చేతిలో ఎర్రదో పచ్చదో ఒక సంచి ఉంటుంది. పట్టుకుంటే మెత్తగా గుడ్డలాగే ఉంటుంది, మీద కొట్టు పేరు, ఫోన్ నంబరు అచ్చేసి ఉంటాయి. "ప్లాస్టిక్ మానీసినామండి, ఇప్పుడన్నీ గుడ్డ సంచులే" అని కొట్టాయన చెప్తాడు, తీసుకున్నావిడ కూడా పోన్లే మంచి పనే అనుకుని ఆటో ఎక్కుతుంది. ఇద్దరిదీ మంచి మనసే, కానీ ఆ సంచిలో నూలు పోగు ఒక్కటి కూడా లేదు. అది పాలీప్రొపిలీన్. మన బాత్రూంలో మగ్గు, పెళ్ళిళ్ళలో వరసగా వేసే కుర్చీ, బియ్యం బస్తా, ఇంజెక్షన్ సిరంజి గొట్టం, ఇవన్నీ దేంతో చేస్తారో అదే.

నేను ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్తాను, పాలిమర్లు చాప్టర్ వచ్చినప్పుడల్లా ఈ సంచి సంగతి చెప్పకుండా ఉండలేను. నాకు పాలీప్రొపిలీన్ మీద కోపం లేదు, నిజం చెప్పాలంటే అదంటే బాగా గౌరవం. పదేళ్ళు పనిచేసే సరుకుని తెచ్చి పూట వాడి పారేసేలా తయారు చెయ్యడం, దానికి గుడ్డ అని పేరు పెట్టి జనాన్ని నమ్మించడం, నా బాధంతా దాని గురించే. "ప్లాస్టిక్ వద్దు" అని అన్నింటినీ ఒకే గాటన కట్టేసి మాట్లాడటం వల్లే ఈ మోసం ఇంత సులువుగా నడుస్తోందని నా అభిప్రాయం. ఏ ప్లాస్టిక్, ఎంత మందం, ఎన్నాళ్ళు వాడతాం అనేవి అడగడం మొదలుపెడితే కొట్టాయనా తడుముకుంటాడు, మనమూ ఆలోచిస్తాం.

ఇంట్లో ఏదైనా డబ్బా తీసి తిరగేసి అడుగు చూడండి. మూడు బాణాల త్రికోణం, మధ్యలో ఒక అంకె ఉంటుంది. అమెరికాలో ప్లాస్టిక్ పరిశ్రమ వాళ్ళు 1988లో పెట్టిన గుర్తులివి. నీళ్ళ సీసా మీద 1 ఉంటుంది, షాంపూ సీసాల మీద చాలా వరకు 2 ఉంటుంది, ఐస్‌క్రీం డబ్బా, టిఫిన్ బాక్సు, బిర్యానీ పార్సిల్ ఇచ్చే నల్ల డబ్బా తిప్పితే ఎక్కువగా 5 కనపడుతుంది. 5 అంటే పాలీప్రొపిలీన్, పీపీ అంటారు. ఒకసారి చూడ్డం అలవాటైతే ఇల్లంతా అదే కనపడుతుంది.

ఇది పుట్టిన కథ కొంచెం చెప్పాలి, ఎందుకంటే దీని గట్టిదనం ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కడే ఉంది. ప్రొపిలీన్ అనేది ఆయిల్ రిఫైనరీల్లో వచ్చే గ్యాసు. దాని అణువుల్ని గొలుసులా కలపడానికి ముందు ప్రయత్నించినవాళ్ళకి జిగురులాంటి పనికిరాని ముద్దే వచ్చేది. జర్మనీలో కార్ల్ జీగ్లర్ కొత్తరకం కెటలిస్టులు (రసాయన చర్యని నడిపించే పదార్థాలు) కనిపెడితే, వాటిని తీసుకుని ఇటలీ మిలాన్‌లో జూలియో నట్టా 1954 మార్చిలో గట్టి పాలీప్రొపిలీన్ తీశాడు. గొలుసుకి పక్కన వేలాడే మిథైల్ గుంపులు (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు) ఇష్టమొచ్చినట్టు అటూ ఇటూ ఉంటే జిగురు ముద్ద, అన్నీ ఒకే వైపుకి వరసలో ఉంటే గొలుసులు దగ్గరగా సర్దుకుని స్ఫటికంలా గట్టిపడతాయి. అణువులు అవే, అమరిక మాత్రం వేరు. 1957 నుంచి ఇటలీలో ఫ్యాక్టరీ సరుకుగా బజార్లోకి వచ్చింది, 1963లో జీగ్లర్, నట్టా ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు. (వాళ్ళకన్నా ముందే 1951లో అమెరికాలో ఫిలిప్స్ పెట్రోలియంలో హోగన్, బ్యాంక్స్ అనే ఇద్దరు దీన్ని తీశారు, పేటెంట్ గొడవ 1983 దాకా కోర్టుల్లో నడిచి చివరికి వాళ్ళ కంపెనీకే వచ్చింది.)

క్లాసులో నేను చేయించే చిన్న పని ఒకటుంది. బకెట్ నీళ్ళలో నీళ్ళ సీసా ముక్క ఒకటి, టిఫిన్ బాక్సు మూత ముక్క ఒకటి వెయ్యమంటాను. సీసా ముక్క మునుగుతుంది, మూత ముక్క తేలుతుంది, ఎంత నొక్కి వదిలినా మళ్ళీ పైకే వస్తుంది. దీని సాంద్రత 0.9 దగ్గర, నీళ్ళకన్నా తేలిక. భావనపాడు, కళింగపట్నం వైపు వేటకెళ్ళేవాళ్ళు పీపీ తాళ్ళు ఇష్టపడేదీ అందుకే, సముద్రంలో పడ్డా తేలుతుంది, నీళ్ళు పీల్చదు, కుళ్ళదు. ఇంకోటి కొబ్బరినూనె సీసాకుండే మడత మూత. మూతకీ కింద భాగానికీ మధ్య కాగితమంత పల్చటి పట్టీ ఉంటుంది చూడండి, మేకు లేదు, స్క్రూ లేదు, వేరే ముక్క అతికించిందీ లేదు, రోజూ తెరిచి మూసినా సీసా అయిపోయేదాకా విరగదు. అంత పల్చగా ఉండి లక్షలసార్లు మడతపడటం వేరే ప్లాస్టిక్‌ల వల్ల అంత తేలిగ్గా అయ్యే పని కాదు, మడిచినకొద్దీ అక్కడ అణువులు మడతకి అడ్డంగా వరస కట్టి ఇంకా గట్టిపడతాయి. బ్యాటరీలో యాసిడ్ పోసినా దాని పెట్టెకి ఏమీ కాదు, ఆ పెట్టె కూడా ఇదే. 160 డిగ్రీలు దాటితే గాని కరగదు కాబట్టి ఆస్పత్రిలో ఆవిరి పట్టి శుభ్రం చేసే సామాన్లకీ పనికొస్తుంది.

వేడికి కరగదు కదా అని పసిపిల్లల పాలసీసా విషయంలో మాత్రం నిశ్చింతగా ఉండొద్దు. 2020లో ఐర్లాండ్‌లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ వాళ్ళు పాలీప్రొపిలీన్ పాలసీసాల మీద చేసిన పరీక్షలో వేడి నీళ్ళు పోసి కలిపితే లీటరుకి 1 కోటి 62 లక్షల దాకా సూక్ష్మమైన ప్లాస్టిక్ రేణువులు రాలుతున్నాయని తేలింది, నీళ్ళ వేడి పెరిగినకొద్దీ రాలేవీ పెరిగాయి. వాళ్ళే చెప్పిన దారి కూడా సులువైనదే, పొడి పాలు స్టీలు గిన్నెలోనో గాజు గ్లాసులోనో కలిపి, చల్లారాక సీసాలో పొయ్యడం, మైక్రోవేవ్‌లో సీసా పెట్టకపోవడం. మన ఇళ్ళల్లో స్టీలు గిన్నెలకి లోటేముంది, ఉగ్గుగిన్నె అలవాటున్న జిల్లాలు మనవి. కొత్తగా తల్లులైన మా పాత స్టూడెంట్స్ ఎవరు ఫోన్ చేసినా ఈ ఒక్క మాట తప్పకుండా చెప్తాను.

పల్లెల్లోకి వస్తే తాడు దగ్గర మొదలెట్టాలి. నా చిన్నప్పుడు విజయనగరం జిల్లాలో మా ఊరి చెరువుల్లో గోగు మోపులు ఊరబెట్టేవారు, ఆ వాసన ఊరి బయట నుంచే తెలిసిపోయేది, నడుం లోతు నీళ్ళలో నిలబడి నార తీసేవాళ్ళు. చేంతాడు, పలుపు, మోకు, నులక, అన్నీ ఆ నారే. ఇప్పుడు సంతలో నీలం రంగు, పచ్చ రంగు పీపీ తాళ్ళు కట్టలు కట్టి అమ్ముతారు, తేలిగ్గా ఉంటాయి, వానకి నానవు, చవక. చేంతాడుకి అది నిజంగా మేలే, నార తాడు నానీ నానీ పుటుక్కున తెగి చేద నూతిలో పడటం మా ఇంట్లోనే చూశాను. పలుపుకి మాత్రం నాకు నచ్చదు. అది నున్నగా ఉండి ముడి జారుతుంది కాబట్టి బిగించి కడతారు, ఆవు లాగినప్పుడల్లా మెడ మీద ఒరుసుకుని వెంట్రుకలు రాలి పుండవుతుంది, ఎండకి ఎండి పోగులు లేస్తే ఇంకా గరుకు. ఒకే తాడు నూతి దగ్గర మంచిది, పశువు మెడలో మంచిది కాదు. ప్లాస్టిక్ మంచిదా చెడ్డదా అని అడిగేవాళ్ళకి నా జవాబు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది.

ఇక కుర్చీ. వీధరుగు మీద ఏళ్ళ తరబడి ఎండలో పడున్న ప్లాస్టిక్ కుర్చీ చేతి మీద అరచేత్తో గట్టిగా రాయండి, తెల్లటి పొడి అంటుతుంది, రంగు వెలిసి దగ్గర్నుంచి చూస్తే సన్నటి పగుళ్ళు అల్లుకుని ఉంటాయి. పాలీప్రొపిలీన్‌కి శత్రువు ఎండ. దాని గొలుసులో మిథైల్ గుంపు అతుక్కున్న ప్రతి కార్బన్ దగ్గరా ఒక హైడ్రోజన్ బలహీనంగా ఉంటుంది, యూవీ కిరణాలు పడినప్పుడు అక్కడ మొదలై గాల్లో ఆక్సిజన్‌తో కలిసి గొలుసు ముక్కలు ముక్కలుగా తెగుతుంది, అలా తెగిన కుర్చీ కాలే ఒకరోజు పెద్దాయన కూర్చోగానే ఫట్‌మని విరుగుతుంది. దీనికి మందుంది, తయారీలోనే యూవీ స్టెబిలైజర్ కలపాలి. మంచి కుర్చీలో కలుపుతారు, చవక కుర్చీలో అది తగ్గించి సుద్దపొడి ఎక్కువ కలుపుతారు. కొనేటప్పుడు ఎత్తి చూడండి, వెనక కాళ్ళు రెండూ బయటికి తోసి చూడండి, కొంచెం వంగి మళ్ళీ రావాలి, వంచిన చోట తెల్లటి గీత పడితే అది వద్దు. నాలుగు చవక కుర్చీల డబ్బులతో రెండు మంచివి కొని నీడలో వాడుకుంటే పిల్లల పెళ్ళిళ్ళ దాకా ఉంటాయి. అటువంటి కుర్చీని తిట్టాల్సిన పనేముంది? ఒక చెట్టు కొట్టకుండా ఒక ఇంటి అవసరం తీరింది.

బియ్యం బస్తా దగ్గర నా మనసు రెండుగా చీలుతుంది. నెల్లిమర్ల, బొబ్బిలి, కొత్తవలస, సాలూరు, ఈ పేర్లు చెప్తే పాతవాళ్ళకి ముందు జూట్ మిల్లులే గుర్తొస్తాయి. మా చుట్టాల్లోనే సైరన్ విని గడియారం సరిచేసుకున్నవాళ్ళున్నారు. పండించింది ఇక్కడి గోగు, నేసింది ఇక్కడి మనుషులు, గోనె సంచి చిరిగేదాకా వాడి చివరికి వాకిట్లో కాళ్ళు తుడుచుకునే పట్టాగా వేసి, ఆ తర్వాత పెంటలో వేస్తే మట్టిలో కలిసిపోయేది. మిల్లులు మూతపడటానికి కారణాలు చాలా ఉన్నాయి, లాకౌట్లు, నార దొరక్కపోవడం, పాత యంత్రాలు, వాటితో పాటు తేలిగ్గా చవగ్గా వచ్చిపడ్డ పీపీ బస్తా కూడా ఒక కారణం. ధాన్యం, పంచదార జూట్ సంచుల్లోనే నింపాలని కేంద్రం 1987లో చట్టం చేసింది, సర్కారు కొనే ధాన్యం దగ్గర ఆ గోనెలు ఇప్పటికీ కనపడతాయి, బజార్లో బియ్యం కొట్లో మాత్రం గోనె చూసి ఎన్నాళ్ళయిందో. కళాసీలని అడగండి, గోనె బస్తాకి కొక్కెం వేస్తే తీశాక కన్నం మూసుకుపోయేది, దొంతి పేరిస్తే కదిలేది కాదు, ఈ ప్లాస్టిక్ బస్తా జారుతుంది, కొక్కెం వేస్తే పట్టీ తెగి బియ్యం కారుతుంది అంటారు.

అయినా బస్తాగా దాని నేతని తక్కువ చెయ్యలేను. ఖాళీ బస్తా ఒకటి తీసుకుని దగ్గరగా చూడండి. దారం ఉండదు, రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలుంటాయి. పల్చటి రేకుని సన్నగా చీల్చి, వేడి చేస్తూ పొడుగ్గా సాగదీస్తారు, సాగదీసినప్పుడు అణువులన్నీ పొడుగు దిక్కుకి తిరిగి పట్టీకి బలం వస్తుంది. ఆ పట్టీల్ని గుండ్రటి మగ్గాల మీద గొట్టంలా నేస్తారు, అందుకే బస్తాకి పక్కన కుట్టుండదు, అడుగున ఒక్కటే కుట్టు. పాతిక కేజీల సరుకు పట్టే బస్తా వంద గ్రాముల లోపే తూగుతుంది. (ఇప్పుడు వచ్చేది 26 కేజీల బస్తా కదా, 2022 జూలై 18 నుంచి 25 కేజీల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పెట్టడంతో మిల్లర్లు ఒక కేజీ ఎక్కించేశారు.) బియ్యం అయిపోయాక మన ఊళ్ళల్లో దాన్ని ఎవరూ పారెయ్యరు. చింతపండు, మినుములు, కట్టెబొగ్గు అందులోకే, నాలుగు కలిపి కుడితే కల్లంలో బరకం, చూరు కారితే అదే అడ్డు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటి ఉద్దానం కొబ్బరితోటల్ని పడగొట్టేసినప్పుడు ఎన్ని ఇళ్ళ కప్పుల మీద ఈ బస్తాలే కుట్టి కప్పుకున్నారో చూసినవాళ్ళకి తెలుసు. జూట్ మిల్లు పోయిందన్న బాధ బాధే, ఈ బస్తా చేసిన మేలు మేలే, ఒకటి చెప్పడానికి రెండోది దాచక్కర్లేదు.

ఇప్పుడు ఆ సంచి. నాన్‌ఓవెన్ అంటారు, అంటే నెయ్యనిది. పాలీప్రొపిలీన్‌ని కరిగించి సన్నటి కన్నాల్లోంచి సాలెపోగుల్లా వదుల్తారు, అవి కదిలే బెల్టు మీద చిందరవందరగా పరుచుకుంటాయి, ఆ పొర మీద వేడి రోలర్ నడిపి అక్కడక్కడ చుక్కలు చుక్కలుగా కరిగించి అతికిస్తారు. సంచిని వెలుతురుకి ఎత్తి పట్టుకోండి, వరసగా చిన్న చిన్న గుంటలు కనపడతాయి, నేతలో ఉండాల్సిన నిలువు పోగు, అడ్డం పోగు ఎక్కడా ఉండవు. ఆ చుక్కల్లోనే దాని బలమంతా ఉంది, నాలుగుసార్లు ఉతికితే నూగు లేచి చుక్కలు ఊడతాయి, బరువు పడితే చెవులు పుటుక్కుమంటాయి. కరోనాలో మూతికి కట్టుకున్న మూడు పొరల మాస్కు కూడా ఇదే సరుకు, అక్కడ ప్రాణం కాపాడింది.

మా వీధి చివర కొట్టాయన, "ఏటి మాస్టారూ, పట్టుకుంటే గుడ్డే కదా, ప్లాస్టిక్ అంటారేటి?" అన్నాడు. ఇద్దరం కొట్టు బయట గట్టు మీద నిలబడి ఆ సంచిలోంచి గోరంత ముక్క, పాత పంచెలోంచి గోరంత ముక్క కత్తిరించి పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల గీశాం. పంచె ముక్క కాగితంలా కాలింది, కాగితం కాలిన వాసనే, చివరికి వేలితో నలిపితే పొడైపోయే బూడిద మిగిలింది. సంచి ముక్క మంట తగలకముందే ముడుచుకుపోయింది, తర్వాత కరిగి బొట్టుగా కారింది, కొవ్వొత్తి వాసన వచ్చింది, చల్లారాక చూస్తే నల్లటి గట్టి పూస. ఆయన ఆ పూసని కాసేపు వేళ్ళ మధ్య తిప్పి, "మాకు గుడ్డనే ఇచ్చినారండి" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను, ఆయనకి హోల్‌సేల్ వాడు చెప్పిందే ఆయన మనకి చెప్తున్నాడు. (మీరు చేస్తే బయట చెయ్యండి, పక్కన నీళ్ళు పెట్టుకోండి, కారే బొట్టు చర్మం మీద పడితే అతుక్కుని కాలుస్తుంది.)

సర్కారు మాత్రం దీన్ని గుడ్డ అనలేదు. 2021 ఆగస్టులో ప్లాస్టిక్ చెత్త నిర్వహణ రూల్స్ మార్చినప్పుడు దీన్ని నాన్‌ఓవెన్ ప్లాస్టిక్ క్యారీబ్యాగ్ అనే రాశారు, ఆ ఏడాది సెప్టెంబర్ 30 నుంచి చదరపు మీటరుకి 60 గ్రాములకి (దీన్నే 60 జీఎస్‌ఎం అంటారు) తగ్గకూడదన్నారు. మామూలు కవర్లకి మందం మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కొలత, అప్పుడు 75, 2022 డిసెంబర్ 31 నుంచి 120. ఈ 60 జీఎస్‌ఎం అనేది ఎవరైనా కాటా మీద చూసుకోవచ్చు. 30 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడుగు సంచికి రెండు వైపులా కలిపి 0.24 చదరపు మీటర్లు, అంటే చెవులు కాకుండా 14.4 గ్రాములు తూగాలి, పది సంచులు పెడితే 144. అదే కొట్టు కాటా మీద అదే సైజువి పది పేర్చి చూస్తే 100 కూడా రాలేదు. బజార్లో లోపల వేలు పెడితే బయటికి కనపడేంత పల్చటివి ఇస్తున్నారు, అవి రూల్ ప్రకారం కూడా చెల్లవు. మున్సిపాలిటీ వాళ్ళు కొట్ల మీదికి వెళ్ళినప్పుడు పాలిథిన్ కవర్లే వెతుకుతున్నారు, చెవులున్న రంగు సంచి కనపడితే వదిలేస్తున్నారు, నా కళ్ళ ముందే జరిగింది. ఒక్క కాటా పట్టుకెళ్తే సరిపోతుంది.

పారేశాక ఇది పాలిథిన్ కవరుకన్నా మంచిగా ఏమీ ఉండదు. ఎండలో పడి కొన్ని నెలలకి పీచు పీచుగా విడిపోతుంది, ఆ పీచు కాలవల్లోంచి నాగావళిలోకి పోతుంది, తేలే సరుకు కాబట్టి సముద్రం దాకా పోతుంది. కవరైతే ఏరుకోవచ్చు, పీచుని ఎవరు ఏరతారు? చెత్త ఏరేవాళ్ళు కుర్చీ ముక్క, బకెట్ ముక్క తీసుకుంటారు, పాత సామాన్లకి ఉల్లిపాయలిచ్చే బండి అతను కూడా కాటా వేసి తీసుకుంటాడు, ఈ సంచి ఇస్తే పక్కన పడేస్తాడు, తూకం రాదు, మట్టి పట్టేసి ఉంటుంది.

నాకు అన్నిటికన్నా కష్టంగా ఉండేది ఇది పొందూరు ఉన్న జిల్లాలో జరగడం. వాలుగ చేప దవడతో దూదిని దువ్వి, చేత్తో వడికి, చేత్తో నేసే ఖద్దరు మనది, గాంధీగారి కాలం నుంచి దేశమంతా పేరున్నది. గుడ్డంటే ఏమిటో దేశానికి చూపించిన చోట కరిగించిన ప్లాస్టిక్ పీచుకి గుడ్డ అని పేరుపెట్టి అమ్ముతుంటే మనం సరేనని పట్టుకెళ్తున్నాం.

"మరి నిజం గుడ్డ సంచి ఇవ్వమంటే గిట్టుబాటవదు" అంటారు కొట్లవాళ్ళు, అది నిజమే. ఇంకో నిజం కూడా చెప్పాలి, పత్తికి నీళ్ళు కావాలి, ఎరువులు, పురుగుమందులు కావాలి, కొత్త గుడ్డతో సంచి కుట్టించి పదిసార్లు వాడి మూల పడేస్తే నేలకి దానివల్ల ఒరిగేదేమీ లేదు. అందుకే కొట్టువాళ్ళని ఫ్రీగా గుడ్డ సంచి ఇమ్మని నేను అడగను. అసలు ఏ సంచీ ఇవ్వొద్దంటాను. మన నాన్నలు బజారుకెళ్తే సంచి చంకలో పెట్టుకునే వెళ్ళేవారు, చొక్కా వేసుకున్నంత మామూలుగా. పాత పంచె, పాత దుప్పటి, పిల్లల యూనిఫాం ప్యాంటు గుడ్డ, ఇంట్లో ఉన్న వాటితో వీధి చివర మిషన్ కుట్టేవాళ్ళు నిమిషాల్లో కుట్టిచ్చేస్తారు. మర్చిపోయి వెళ్ళినవాళ్ళ కోసం కొట్లో గట్టి సంచి డబ్బులకి అమ్మనివ్వండి, దాని మీద పాలీప్రొపిలీన్ అని, ఎన్ని జీఎస్‌ఎం అని తెలుగులో రాయనివ్వండి, చదివి కొనుక్కుంటాం.

చేపలకీ కూరగాయలకీ మా ఇంట్లో వాడేది బియ్యం బస్తాతో కుట్టిన సంచే. మీరూ కుట్టించుకోవచ్చు, చిన్న జాగ్రత్తలున్నాయి. బస్తాని అడ్డంగా సగానికి కత్తిరిస్తే అడుగు భాగం సంచిగా వస్తుంది, కత్తిరించిన అంచు వెంటనే పట్టీలు ఊడటం మొదలవుతుంది కాబట్టి వేడి చేసిన చాకు అంచు వెంట నడిపితే పట్టీలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. తర్వాత అంచుని రెండు మడతలు వేసి కుట్టించాలి, ఒక్క మడతైతే బరువుకి ఊడొస్తుంది. మిగిలిన పై భాగంలోంచి నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీలు కోసి మూడు మడతలు పెడితే చెవులవుతాయి, వాటిని సంచి నోటి దగ్గర ఆపెయ్యకుండా అడుగు కిందుగా చుట్టి తెచ్చి కుట్టమని చెప్పండి, అప్పుడు బరువంతా చెవుల మీదే పడుతుంది, కుట్టు మీద పడదు. చేపలు తెచ్చాక సబ్బునీళ్ళతో కడిగి దులిపితే చాలు, నీళ్ళు పీల్చదు. ఆరెయ్యడం మాత్రం డాబా మీద ఎండలో కాదు, వసారాలో నీడకి.